పేరు ఒకటే, రాత నాలుగు రకాలు: డేటాబేస్‌లో ఉచ్చారణను బట్టి వెతకడం ఎలా?

కొబ్బరితోట (సోంపేట) రాశారు:

ఉద్దానంలో కిడ్నీ వ్యాధి కోసం జరిగిన పరీక్షా శిబిరాల కాగితాలను ఒకచోట చేర్చే పని మా చిన్న స్వచ్ఛంద బృందం తలకెత్తుకుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో వేర్వేరు ఏళ్లలో వేర్వేరు వాళ్లు పెట్టిన శిబిరాలవి. ఎక్కువ భాగం ఇంగ్లిషు అక్షరాల్లో, కొన్ని తెలుగులో, ఇచ్ఛాపురం వైపువి కాసిన్ని ఒడియాలో ఉన్నాయి. 2018 తిత్లీ తుపానుకు తడిసిన రిజిస్టర్లు కూడా వాటిలో ఉన్నాయి.

మాకు కావలసింది ఒక్కటే. ఒక మనిషి సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష విలువ) ఏడాదికేడాది ఎలా మారిందో వరుసగా కనిపించాలి. ఒకనాటి విలువతో డాక్టరు చెప్పగలిగేది కొంతే. నాలుగేళ్ల విలువలు పక్కపక్కన ఉంటే సంగతి వేరు.

చిక్కంతా పేర్లతోనే. పైడితల్లిని ఒకరు పి తర్వాత ఎ-ఐ పెట్టి రాశారు, ఇంకొకరు పి తర్వాత వై పెట్టి రాశారు. ఎర్రన్న ఒకచోట ఇ-తో, మరోచోట వై-తో మొదలవుతాడు. మామూలుగా వెతికితే ఒక్కటీ కలవడం లేదు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో, ఉచ్చారణను బట్టి పేరుకు కోడ్ వేసే సౌండెక్స్ పెట్టి చూస్తే దీనికి పూర్తిగా తిరగబడింది: ఒక అప్పలనాయుడి కోసం వెతికితే ఊళ్లో అప్పల అని మొదలయ్యే సగం మంది వచ్చి కూర్చుంటున్నారు. దారి చెప్పగలరా?

టేబుల్‌స్కాన్ (విశాఖపట్నం, సొంతూరు బొబ్బిలి) రాశారు:

సౌండెక్స్ ఎందుకలా చేస్తుందో ముందు చూద్దాం. అది అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు తీసుకున్న పద్ధతి. 1930లలో అక్కడి పాత జనాభా లెక్కలకు పేర్ల సూచికలు తయారు చేయడానికి వాడారు. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, మిగిలిన హల్లులను ఆరు గుంపులకు కుదిస్తుంది. బి, ఎఫ్, పి, వి ఒక గుంపు. డి, టి ఒకటి. ఎమ్, ఎన్ ఒకటి. అచ్చులు, హెచ్, డబ్ల్యూ, వై లెక్కలోకి రావు. మూడు అంకెలు నిండగానే ఆగిపోతుంది.

ఆ ఆగడమే మీ ఇబ్బంది. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, అప్పలనరసయ్య ముగ్గురికీ ఎ145 వస్తుంది. అప్పలరాజుకు మాత్రం ఎ146. మనవైపు పేర్లలో సగం పొడవు దేవుడి పేరే. మనిషిని గుర్తుపట్టే భాగం తర్వాత వస్తుంది, కోడ్ అక్కడిదాకా పోదు. సూర్యనారాయణ, సూర్యనారాయణమూర్తి, సూర్యనారాయణరాజు కూడా ఇంతే, అందరూ ఎస్656. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో ఉన్న సౌండెక్స్ నాలుగు గుర్తుల దగ్గర ఆగదు కాబట్టి ఈ ఒక్క విషయంలో కాస్త నయం. అయితే అది ఇంగ్లిషు కోసమే అని వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంది. పోస్ట్‌గ్రెస్ పత్రాలు కూడా సౌండెక్స్, దాని తరహాదే అయిన మెటాఫోన్ వంటివి యూటీఎఫ్-8 వంటి బహుబైటు అక్షరాలతో (తెలుగు లిపిని దాచేది ఇలాగే) సరిగా పనిచేయవని చెబుతాయి. తెలుగు లిపి గడి మీద దాన్ని ప్రయోగించకండి.

మూడోసెమిస్టర్ (విజయనగరం) రాశారు:

నేను ఊరికే కాగితం మీద కొన్ని పేర్లకు కోడ్ వేసి చూశాను. సౌండెక్స్ కొన్నిచోట్ల బాగానే ఉందండీ. సింహాచలాన్ని హెచ్‌తో రాసినా, రెండు ఎమ్‌లతో రాసినా, ఎమ్‌కు బదులు ఎన్ పెట్టినా ఎస్524 వస్తోంది. లక్ష్మిని కె-ఎస్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా ఎల్250. మా ఊరి పేరు జె-తో రాసినా, బ్రిటిష్ వాళ్లు అలవాటు చేసిన జెడ్‌తో రాసినా వి252.

కానీ రామమూర్తి ఆర్556 అయితే, రామ్మూర్తి ఆర్563 అవుతున్నాడు. ఒకే మనిషి! ఇటు చూస్తే రమణకూ రామమ్మకూ ఒకే కోడ్, ఆర్550. కలవాల్సినవి విడిపోయి, విడిగా ఉండాల్సినవి కలిశాయి. తవుడు, తౌడు చూడండి: వి-తో రాస్తే టి130, ఓ-యు పెట్టి రాస్తే టి300.

పాతగుమస్తా (చీపురుపల్లి) రాశారు:

తవుడు అన్న మాట చూసి ఈ చర్చలోకి వచ్చాను. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో తర్వాతి బిడ్డకు తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు, పెంటయ్య అని పెట్టడం మన జిల్లాల్లో పాత సంగతి. ఒకే ఊళ్లో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో రెవెన్యూ రికార్డులు రాసినవాడికి తెలుస్తుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే చేశాను.

మీరందరూ పేరును మనిషికి అంటగడుతున్నారు. స్పెల్లింగు మనిషిది కాదు, రాసినవాడిది. వచ్చినామె నోటితో చెబుతుంది, బల్ల దగ్గర కూర్చున్నవాడు తన అలవాటు ప్రకారం రాసుకుంటాడు. కొందరు త వచ్చిన ప్రతిచోటా టి-హెచ్ వేస్తారు, కొందరు ఉత్త టి వేస్తారు. చెన్నైలో చదువుకున్న కుర్రవాడు రాస్తే ఒక తీరు, ఒడియా మాట్లాడే ఊరి కుర్రవాడు రాస్తే ఇంకో తీరు. ఒక శిబిరం కాగితాలన్నీ వరుసగా తిరగేయండి, ఎవరి చేతి అలవాటు ఏమిటో పది పేజీల్లో తెలిసిపోతుంది. కాబట్టి ప్రతి రికార్డుకూ అది ఏ శిబిరం, ఎవరి చేతిరాత అన్న గడి తప్పక పెట్టండి. పేరు సరిచేయడానికి మీ కోడ్ కంటే అది ముందు పనికొస్తుంది.

ఇంకొకటి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది. ఒక శిబిరంలో తండ్రి పేరు రాస్తారు, తర్వాతి దాంట్లో భర్త పేరు. ఆడవాళ్ల రికార్డుల్లో ఇంటిపేరు కలవలేదని పక్కన పడేస్తే మీ పని సగం పాడైనట్టే.

(శ్రీకాకుళానికి ఎస్622 వస్తే, పాత దస్తావేజుల్లో ఉండే చికాకోల్‌కు సి224 వస్తుందని ఇప్పుడే వేసి చూశాను. ఊరి పేరునే పట్టలేనిది మనుషులను ఏం పడుతుంది!)

గంటస్తంభం (విజయనగరం) రాశారు:

ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆధార్ నంబరో, ఆరోగ్య ఖాతా నంబరో తీసుకుంటే ఒక్క క్షణంలో తేలిపోయే పని.

కొబ్బరితోట (సోంపేట) రాశారు:

గంటస్తంభం గారూ, పాత కాగితాల్లో ఆ నంబర్లు లేవు. రాసిన రోజున ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఇంటింటికీ వెళ్లి అడగడం మా బృందానికి తగిన పనీ కాదు. ఫోను నంబర్లు కొన్ని ఉన్నాయి కానీ పనికోసం వలస వెళ్లి వచ్చేవాళ్లు సిమ్ములు మారుస్తారు. ఒకే ఫోను ఇంటిల్లిపాదికీ ఉంటుంది. చివరికి మిగిలేది పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు. అంతే.

గంటస్తంభం (విజయనగరం) రాశారు:

సరే, ఒప్పుకున్నాను. అయినా ధ్వని కోడ్ దేనికి? రెండు పేర్ల మధ్య ఎన్ని అక్షరాలు మారాయో లెక్కించే లెవెన్‌స్టైన్ దూరం 1965 నుంచీ ఉంది. ఒకటీ రెండూ తేడా ఉంటే ఒకే పేరు అనుకోవచ్చు కదా.

టేబుల్‌స్కాన్ (విశాఖపట్నం, సొంతూరు బొబ్బిలి) రాశారు:

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో, తెలుగు రామమూర్తిని రామ్మూర్తిగా మార్చాలంటే ఒక్క పొల్లు చేర్చాలి. దూరం 1. రాములును రాముడుగా మార్చాలన్నా దూరం 1. మొదటిది రాత తేడా, రెండోది వేరే మనిషి. ఆ లెక్కకు ఈ రెండూ సమానమే. అదీకాక దూరం లెక్కించాలంటే ప్రతి పేరును ప్రతి పేరుతో పోల్చాలి. కోడ్ అయితే గడిలో ముందే రాసిపెట్టి దాని మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) కట్టుకోవచ్చు. జారో-వింక్లర్ అనే ఇంకో పోలిక లెక్క అన్నా లాభం లేదు. అది పేరు మొదలు కలిస్తే అదనపు మార్కులు వేస్తుంది. అప్పలతో మొదలయ్యే జనం ఉన్నచోట ఆ మార్కులు ఉచితంగా పంచిపెట్టినట్టే.

ముందు కోడ్‌తో కొద్దిమందిని ఏరండి. దూరం లెక్క ఆ కొద్దిమంది మీదనే వాడండి. అప్పుడు కూడా అన్ని మార్పులకూ ఒకే ధర వేయకండి. దీర్ఘం, పొల్లు, ఒత్తు మారితే తక్కువ. పేరు చివరి హల్లు మారితే ఎక్కువ.

మూడోసెమిస్టర్ (విజయనగరం) రాశారు:

అంటే మన పేర్లకు మనమే ఒక కోడ్ రాసుకోవాలన్నమాట. నాకు తోచింది చెబుతాను, తప్పులుంటే దిద్దండి.

తెలుగులో ఉన్నా ఇంగ్లిషులో ఉన్నా ముందు ఒకే ముతక రూపానికి తేవాలి. ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, ఫ, భ లాంటి ఒత్తక్షరాలన్నీ క, గ, చ, జ, త, ద, ప, బ అవుతాయి. శ, ష, స మూడూ స. ళ, ల ఒకటి. ణ, న ఒకటి. ఇంగ్లిషులో ట, త తేడా, డ, ద తేడా ఎలాగూ తెలియదు కాబట్టి అవీ కలిపేయాలి. దీర్ఘాలన్నీ హ్రస్వాలు. జెడ్ జ, డబ్ల్యూ వ, ఎక్స్ క్స. పేరు మొదట్లో యె వస్తే ఎ, వొ వస్తే ఒ. అవు, ఔ ఒకటి. అయి, ఐ ఒకటి. జంట హల్లులు ఒక్కటిగా. సౌండెక్స్‌లా అచ్చులన్నీ పారేయకూడదు, మూడు అంకెల దగ్గర ఆగకూడదు.

రామమూర్తి కోసం ఇంకో నియమం: మధ్యలో అకారం మాత్రమే ఉండి అదే హల్లు మళ్లీ వస్తే ఒకటిగా కుదించడం. అప్పుడు ఇద్దరు రామ్మూర్తులూ కలుస్తారు.

నాగావళి (శ్రీకాకుళం) రాశారు:

ఆ చివరి నియమంతో రామమ్మ వట్టి రామ అయిపోతుంది, చూసుకున్నారా?

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. మీ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను, ఒక మాట చెప్పాలనిపించింది. ఒకే ఊళ్లో ఇద్దరు అప్పలనరసమ్మలు ఉన్నారనుకోండి. ఒకామె క్రియాటినిన్ 1.1, ఇంకొకామెది 4.8. మీ కోడ్ ఇద్దరినీ ఒకటి చేసిందంటే కాగితం మీద ఒక మనిషి కిడ్నీలు ఏడాదిలో కుప్పకూలినట్టు కనబడుతుంది. ఆరోగ్యంగా ఉన్నావిడ వణికిపోతుంది. శిబిరాల వరుస అటూ ఇటూ అయితే ఇంకా ఘోరం, జబ్బు తగ్గినట్టు కనిపించి నిజంగా చికిత్స కావలసినామె ఇంట్లో ఉండిపోతుంది. కలవాల్సినవి కలవకపోతే ఒక పరీక్ష మళ్లీ చేయించుకోవచ్చు. కలవకూడనివి కలిస్తే దాన్ని ఎవరు, ఎప్పుడు కనిపెడతారు?

అందుకని యంత్రం రికార్డులు తనంతట తాను కలిపేయడానికి నేను ఒప్పుకోను. వీళ్లు ఒకరే కావచ్చు అని చూపించాలి, అంతవరకే. కలిపే బటన్ మనిషి నొక్కాలి, ఎవరు నొక్కారో నమోదు కావాలి, తర్వాత విడదీయడానికీ వీలుండాలి. మూల కాగితంలో ఉన్న రాతను మాత్రం ఎప్పటికీ చెరపకూడదు.

పాతగుమస్తా (చీపురుపల్లి) రాశారు:

అమ్మా నాగావళీ, నూటికి నూరు పాళ్లూ నిజం. రికార్డు దిద్దేటప్పుడు పాత మాట కనబడేలా గీత కొట్టి, పైన కొత్తది రాసి, పక్కన సంతకం చేయమని మాకూ నేర్పారు.

మూడోసెమిస్టర్ (విజయనగరం) రాశారు:

నాగావళి గారూ, దానికి ఒక ఉపాయం. కుదించేముందు పేరు చివరనున్న అమ్మ, అయ్య, అన్న, నాయుడు, రావు, రాజు, మూర్తి వంటివి కత్తిరించి వేరే గడిలో పెట్టుకుందాం. రామమ్మ రామ, అమ్మ అవుతుంది. రామయ్య రామ, అయ్య అవుతాడు. మొదటి గడి కలిసి రెండో గడి విభేదిస్తే వెనక్కి నెట్టడం. స్త్రీ, పురుష గడి ఎలాగూ ఉంది.

పాతగుమస్తా (చీపురుపల్లి) రాశారు:

విభేదిస్తే పూర్తిగా కొట్టేయకండి. అప్పలనాయుడిని ఇంట్లో అప్పన్న అంటారు, అప్పలస్వామినీ అప్పన్న అంటారు. సూర్యనారాయణ సూరయ్య అవుతాడు. లక్ష్మి లచ్చమ్మ అవుతుంది, కృష్ణ కిష్టయ్య అవుతాడు. ముసలివాళ్లు శిబిరంలో పిలుపు పేరే చెబుతారు. దీనికి ఏ కోడూ లేదు. పట్టిక రాసుకోవాల్సిందే. కూర్చుంటే నేనే ఒక వందదాకా చెప్పగలను.

బాహుదా (ఇచ్ఛాపురం) రాశారు:

ఒడియా కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి, నాకు తెలిసింది రాస్తాను.

యూనికోడ్‌లో ఒడియా, తెలుగు పట్టికలు ఒకే వరుసలో పేర్చి ఉంటాయి. భారతీయ లిపులన్నిటికీ కలిపి చేసిన ఇస్కీ ప్రమాణం నుంచి వచ్చిన అమరిక అది. ఒడియా అక్షరం సంఖ్యకు 256 కలిపితే చాలావరకు అదే తెలుగు అక్షరం వస్తుంది. కాబట్టి లిపి మార్చడం తేలిక. కానీ లిపి మారినంత మాత్రాన పేరు మారదు. తెలుగులో విష్ణు, విశ్వనాథం అన్నవాళ్లు అక్కడ బ-తో బిష్ణు, బిశ్వనాథ్ అవుతారు. సౌండెక్స్‌కు బి, వి ఒకే గుంపు అయినా మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది కాబట్టి బిష్ణు, విష్ణులను బి250, వి250 అని విడగొడుతుంది. ఒడియాలో య అక్షరాలు రెండున్నాయి. ఒకటి జ లాగా పలుకుతుంది, అందుకే యశోద జశోద అవుతుంది. రెండోదానికి 256 కలిపితే తెలుగు పట్టికలో ఖాళీ గడిలోకి పోతుంది, దాన్ని చేత్తో య చేయాలి. ఇక ఒడియా అకారం చెవికి ఒకారంలా వినబడుతుంది. అక్కడివాళ్లు చెబుతుంటే విని తెలుగులో రాసినవాళ్లు జగన్నాథను జొగన్నాథొ అని రాయడం చూశాను.

నా సలహా ఏమిటంటే బ, వ కలపడం, అ, ఒ కలపడం అన్ని రికార్డులకూ పెట్టవద్దు. పెడితే తెలుగు పేర్లు అనవసరంగా కలుస్తాయి. ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి, మందస వైపు శిబిరాలకు మాత్రమే రెండో కోడ్ ఒకటి అదనంగా కట్టండి.

టేబుల్‌స్కాన్ (విశాఖపట్నం, సొంతూరు బొబ్బిలి) రాశారు:

ఒక పేరుకు రెండు కోడ్‌లు ఉండటం కొత్తేమీ కాదు. తూర్పు ఐరోపా యూదుల ఇంటిపేర్లకు సౌండెక్స్ చాలడం లేదని 1985లో డేచ్-మోకోటోఫ్ పద్ధతి వచ్చింది. ఆరు అంకెలు, పలకడంలో అనుమానం ఉన్నచోట ఒకటికి మించి కోడ్‌లు. పోస్ట్‌గ్రెస్ 16 నుంచి అందులో అది కూడా ఉంది. మన పేర్లకు నేరుగా పనికిరాదు కానీ తీరు మనకు కావలసినదే. కోడ్‌లను వేరే టేబుల్‌లో పెట్టండి, ఒక రికార్డుకు ఎన్ని వరుసలైనా ఉండనివ్వండి.

కోడ్ కట్టేముందు అక్షరాలను శుభ్రం చేయడం మరవకండి. మీ పైడితల్లి దగ్గరే ఒక గోతి ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం ప్లస్ దాని కింది గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి, డేటాబేస్‌కు మాత్రం వేర్వేరు. అందుకే ఇలాంటి ముక్కలను ఒకే గుర్తుగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చాలి. కంటికి కనబడని జీరో విడ్త్ గుర్తులు, చుక్కలు, ఖాళీలు తీసేయాలి.

ఇక చివరిది, అసలైనది. 1969లో ఫెలెగి, సంటర్ అని ఇద్దరు రికార్డుల జోడింపుకు లెక్కల పునాది వేశారు. కలిసిన ప్రతి గడికీ ఒక బరువు, కలవని గడికి ఎదురు బరువు. మొత్తం ఒక గీత దాటితే ఒకే మనిషి, ఇంకో గీత కింద ఉంటే వేరు, మధ్యలోవి మనిషి చూడాలి. నాగావళి గారు అడిగినది ఈ మధ్య భాగమే. బరువులు అందరికీ ఒకటి కావు. అప్పలనాయుడు, అప్పలనాయుడు కలిశారంటే అది పెద్ద సాక్ష్యం కాదు. ఊళ్లో ఒక్కరికే ఉన్న పేరు కలిసిందంటే దాదాపు తేలిపోయినట్టే. ప్రతి కోడ్ ఆ మండలంలో ఎంతమందికి ఉందో లెక్కపెట్టి బరువును దానికి విలోమంగా పెట్టండి.

నాగావళి (శ్రీకాకుళం) రాశారు:

వయసును వయసుగా ఉంచకండి, శిబిరం జరిగిన ఏడాది నుంచి తీసేసి పుట్టిన ఏడాదిగా మార్చండి. మన పెద్దవాళ్లు నలభై, యాభై, అరవై అని గుండు లెక్క చెబుతారు, కాబట్టి ఐదేళ్లు అటూ ఇటూ వదలండి. క్రియాటినిన్ విలువను మాత్రం జోడింపులో సాక్ష్యంగా వాడొద్దు. విలువలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒకే మనిషి అన్నారంటే, మీరు కనిపెట్టాలనుకున్న మార్పునే ముందు కొట్టిపారేసినట్టు.

గంటస్తంభం (విజయనగరం) రాశారు:

ఆ చివరి మాట నాకు తట్టలేదు. బాగుంది. ఇదంతా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

టేబుల్‌స్కాన్ (విశాఖపట్నం, సొంతూరు బొబ్బిలి) రాశారు:

ఒక ఊరు తీసుకుని ఆ కాగితాలన్నీ ఇద్దరు మనుషులు విడివిడిగా చేత్తో జత చేయాలి. ఇద్దరూ ఒప్పుకున్న జతలే ప్రమాణం. కోడ్ చూపించిన వాటిలో నిజమైనవి ఎన్ని, నిజమైన జతల్లో కోడ్ పట్టుకున్నవి ఎన్ని అన్నవి రెండు వేర్వేరు లెక్కలు. ఏరే దశలో రెండో లెక్క ఎక్కువగా ఉండాలి, నిర్ణయించే దశలో మొదటిది. నియమం మార్చిన ప్రతిసారీ అదే ఊరి మీద మళ్లీ నడపండి. ఇంకో ఊరిని అసలు చూడకుండా దాచి ఉంచండి, చివర్లో దాని మీద పరీక్షించడానికి.

కొబ్బరితోట (సోంపేట) రాశారు:

అందరికీ ధన్యవాదాలు. కంచిలి మండలంలో రెండు భాషలూ ఉన్న ఒక ఊరితో మొదలుపెడుతున్నాం. చేత్తో జత చేసే ఇద్దరిలో ఒకరిగా పాతగుమస్తా గారు ఉంటామంటే కాగితాల నకళ్లు, పేర్లు తప్ప మిగతావి కప్పేసి, పంపిస్తాం. సౌండెక్స్ గడి తీసేశాను. మూడోసెమిస్టర్ చెప్పిన కోడ్ ఒకటి, బాహుదా గారి రెండో కోడ్ ఒకటి వేరే టేబుల్‌లోకి వెళ్తున్నాయి. కలిపే బటన్‌కు ఇద్దరి ఆమోదం ఉండాలని మా బృందంలోనే ఒకరు పట్టుబట్టారు, అలాగే పెడుతున్నాం.

బాహుదా గారూ, ఒక సందేహం. సాహు, సావు అని రెండు రకాలుగా కనబడుతోంది. హ, వ కలపమంటారా?

బాహుదా (ఇచ్ఛాపురం) రాశారు:

నియమంగా వద్దండీ. హ, వ కలిపితే ఇంకెన్నో పేర్లు తారుమారవుతాయి. ఆ ఒక్క ఇంటిపేరునూ పిలుపు పేర్ల పట్టికలోనే వేయండి. అలాంటివి మా వైపు ఇంకొన్ని ఉన్నాయి, పట్నాయక్, బిశోయి లాంటివాటికి ఎన్ని రాతలున్నాయో రాసి ఆదివారంలోగా ఇక్కడే పెడతాను.

పాతగుమస్తా (చీపురుపల్లి) రాశారు:

నకళ్లు పంపండి. అక్షరాలు కాస్త పెద్దవిగా తీయించండి, కళ్లద్దాలు మార్చాల్సి ఉంది.